చెవితో ఎంచుకున్న కెమెరా

ఫోనులోనే ఇంత మంచి వీడియో వస్తుంటే విడిగా కెమెరా ఎందుకని మా బంధువుల్లో అడగనివాళ్లు లేరు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ఇప్పటి మంచి ఫోన్లలో ఉండే సెన్సర్ (వెలుతురును బొమ్మగా మార్చే చిప్పు), ఇళ్లలో వాడకానికి తయారైన చాలా హ్యాండీక్యామ్‌ల సెన్సర్ కంటే పెద్దది. రాత్రివేళ ట్యూబులైటు వెలుతురులో బొమ్మ ఒక్కటే చూస్తే ఫోనుకే మార్కులు పడతాయి. అది తెలిసే నేను హ్యాండీక్యామ్ కొన్నాను. ఏం చూసి కొన్నానో, వేటిని ఎందుకు వద్దనుకున్నానో వివరంగా రాస్తున్నాను. ఇంట్లో ఒకవైపు వయసు మీరిన పెద్దలు, మరోవైపు ఎదిగే పిల్లలు ఉన్నవాళ్లకు ఎక్కడో ఒకచోట అక్కరకు వస్తుంది.

మేముండేది విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో. మావారు, నేను, అబ్బాయి, పాప, నాన్న పోయాక మా దగ్గరికి వచ్చేసిన అమ్మ. ఫోన్లు నిండిపోయాయని ఒక ఆదివారం అందరం కూర్చుని పాత వీడియోలన్నీ చూశాం. వందల కొద్దీ ఉన్నాయి. నిమిషం దాటినవి అరుదు. పుట్టినరోజు కేకు కోయడం, కైలాసగిరి మీద బొమ్మ రైలు, రుషికొండలో అలల వెంట పిల్లల పరుగులు. అన్నీ విశేషాలే. మామూలు రోజు ఒక్కటి కూడా లేదు. అమ్మ కనిపించేవి చాలానే ఉన్నాయి కానీ, ఆమె ఒక సంగతి ఎత్తుకుని చివరిదాకా చెప్పింది మాత్రం దొరకలేదు. మనం ఫోను తీసి ఎత్తేసరికి మాట సగం అయిపోయి ఉంటుంది. ఎత్తిన చెయ్యి నొప్పి పుట్టగానే వీడియో ఆగిపోతుంది. మధ్యలో ఎవరో ఒకరు ఫోను చేస్తారు. పైగా ఫోను ఇంటి వస్తువు కాదు, అది యజమాని వెంట బయటికి వెళ్లిపోతుంది. ఇంట్లోనే ఉండేది, గూట్లోంచి తీసి స్టాండు మీద నిలబెట్టి మీట నొక్కితే ఎవరి పని వాళ్లు చేసుకుంటుండగా గంటసేపు తనంతట తాను నడిచేది ఒకటి కావాలనిపించింది.

ఆ ఆలోచనకు ఒక రూపం ఇచ్చింది నాన్న టేపులు. నాన్న పోర్టులో పనిచేసేవారు. 2001 ప్రాంతంలో మినీ డీవీ టేపు కెమెరా ఒకటి కొన్నారు. ఒక్కో టేపు గంట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా పాత ఇంటి కిటికీ అద్దాలు పగిలి బీరువా దాకా నీళ్లు వచ్చాయి. కింది అరలో ఉన్న టేపులు తడిసిపోయాయి. పై అరలోవి మిగిలాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలంటే ఫైర్‌వైర్ అనే కేబులు కావాలి, ఆ కేబులు పట్టే పాత కంప్యూటరూ కావాలి. రెండూ వెతికి పట్టుకుని ఎక్కించాం. గంట టేపు సుమారు 13 జీబీ అవుతుంది.

బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు. ఇప్పటి టీవీ మీద మసకగానే ఉంది. ఆ మసక మాలో ఎవరినీ బాధ పెట్టలేదు. బాధ పెట్టింది చప్పుడు. నాన్న కెమెరా వెనకే ఉంటారు కనుక ఆయన గొంతు ఖంగుమని వినిపిస్తోంది. ఎదురుగా, ఫ్యాను కింద మంచం మీద కూర్చున్న నానమ్మ మాట మాత్రం ఫ్యాను హోరులోనూ, టేపును తిప్పే మోటారు రొదలోనూ కలిసిపోయింది. ఆ కాలపు చిన్న కెమెరాల్లో మైకు, మోటారు పక్కపక్కనే ఉండేవి. నానమ్మ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, నాన్న నవ్వుతున్నారు. అమ్మ కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుని, "అదిగో, మీ తాతగారు వన్‌టౌన్‌లో మొదటి అద్దె ఇల్లు వెతికిన సంగతి చెబుతోంది. చేతులు చూస్తే తెలుస్తోంది" అంది. వెనక్కి తిప్పి ఎన్నిసార్లు విన్నా మూడు నాలుగు మాటలకు మించి చిక్కలేదు. ఆ ఇంటి సంగతి చెప్పగలిగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఏ కెమెరా కొన్నా ముందు చెవితో పరీక్షించాకే కొనాలని ఆ సాయంత్రమే అనుకున్నాను.

ముందు ద్వారకానగర్, డాబా గార్డెన్స్, జగదాంబ కూడలి చుట్టుపక్కల దుకాణాలు తిరిగాను. ఎక్కడ చూసినా లెన్సులు మార్చుకునే మిర్రర్‌లెస్ కెమెరాలు, హెల్మెట్‌కు తగిలించుకునే యాక్షన్ కెమెరాలు, గోడకు బిగించే సీసీ కెమెరాలు. హ్యాండీక్యామ్ అనగానే "ఆర్డరు పెడితే తెప్పిస్తాం మేడమ్, చూపించడానికి పీసు లేదు" అన్నారు. ఒకచోట మాత్రం అద్దాల బీరువాలోంచి ఒక చిన్నది తీసి చేతికిచ్చారు. జూమ్ ఎన్ని రెట్లు, ఫొటో ఎన్ని మెగాపిక్సెళ్లు, టీవీకి ఎలా కలపాలి, అన్నీ చెప్పారు. విడిగా మైకు తగిలించుకునే జాక్ ఉందా అని అడిగితే కెమెరాను తిప్పి చూసి లేదన్నారు. ఇంటికి వాడే వాళ్లెవరూ అది అడగరట. నాకు అదే మొదటి ప్రశ్న.

చిన్న కెమెరాలను తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. సోనీ సీఎక్స్405 బ్యాటరీతో కలిపి 215 గ్రాములు. అమ్మ కూడా ఒక చేత్తో పట్టుకోగలదు. లెన్సు జూమ్ 30 రెట్లు. యూఎస్‌బీ తీగ చేతి పట్టీలోనే ఇమిడి ఉంటుంది కనుక కేబులు కోసం వెతుక్కునే పని లేదు. పానాసోనిక్ వీ180లో జూమ్ 50 రెట్లు. తెర తెరిస్తే చాలు, తీయడానికి సిద్ధం. పగటి వెలుతురులో, తోటలో, సముద్రం ఒడ్డున పిల్లలను తీయడానికి వీటిలో ఏది కొన్నా చాలు. పెద్ద కెమెరా అయితే సంచిలో పెట్టి బీరువాలో దాస్తాం, చిన్నదైతే చేతికందేచోట ఉంచుతాం అంటారు. ఆ మాటలో నిజం ఉందని నాకూ తెలుసు. అందుకే ఈ చిన్నవాటి విషయం తేల్చుకోవడానికి మా కాలేజీలో తోటి లెక్చరర్ దగ్గర ఇలాంటిదే ఒకటి అడిగి ఇంటికి తెచ్చాను.

పరీక్షకు వంటిల్లే ఎంచుకున్నాను. అమ్మ ఎక్కువ మాట్లాడేది అక్కడే. ఆ రోజు పనసపొట్టు కూర. కెమెరాను గట్టు చివర, అమ్మకు రెండు మీటర్ల దూరంలో పెట్టి నేను పక్కకు తప్పుకున్నాను. తరువాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. నూనెలో ఆవాలు చిటపటలాడటం, మినప్పప్పు వేగే సద్దు, కరివేపాకు పడగానే చర్రుమనడం అన్నీ చెవి పక్కనే జరిగినంత బాగా పడ్డాయి. కుక్కరు కూత దగ్గర శబ్దం పగిలిపోయింది. కూత ఆగిన వెంటనే రెండు మూడు క్షణాల పాటు ఏమీ వినబడక, ఆ తరువాత ఎగ్జాస్టు ఫ్యాను హోరు మెల్లగా పైకి లేచింది. అమ్మ పాపతో చెబుతోంది: "పొయ్యి కట్టేశాక, కూర చల్లారాకే ఆవ కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది." ఈ మాట నేను పక్కనే ఉన్నాను కనుక తెలుసు. రికార్డింగులో "పొయ్యి" వినబడింది, "చేదు" వినబడింది. మధ్యదంతా ఫ్యానే.

ఇది ఆ కెమెరా లోపం కాదు. మైకు స్థాయిని, అంటే చప్పుడును ఎంత గట్టిగా పట్టాలన్నదాన్ని, మన చేతికివ్వని ఏ కెమెరా అయినా ఇలాగే చేస్తుంది. పెద్ద చప్పుడు రాగానే స్థాయి తగ్గిస్తుంది, నిశ్శబ్దం కాగానే పెంచుతుంది. పెంచినప్పుడు గదిలో ఎప్పుడూ ఉండే హోరు మొత్తం పైకి వస్తుంది. మాట మెత్తగా ఉండేవాళ్లకు ఈ ఏర్పాటు పనికిరాదు. చలి దేశాల ఇళ్లలో ఈ బాధ అంతగా తెలియకపోవచ్చు. విశాఖ ఉక్కపోతలో ఫ్యాను ఆపి కూర్చోమని 78 ఏళ్ల మనిషికి ఎలా చెబుతాం?

అదే కెమెరాను అమ్మకు మూరెడు దూరంలోకి తెచ్చి మళ్లీ విన్నాను. చాలా మారింది. మాట్లాడేవాళ్లకు, మైకుకు మధ్య దూరం సగం చేసిన ప్రతిసారీ గొంతు దాదాపు 6 డెసిబెళ్లు పెరుగుతుంది. ఫ్యాను హోరు గదంతా ఇంచుమించు ఒకేలా పరుచుకుని ఉంటుంది కనుక అది పెరగదు. కాబట్టి కావలసింది ఖరీదైన మైకు కన్నా దగ్గరగా ఉండే మైకు. కెమెరాను ముఖం ముందు పెడితే మనిషి బిగుసుకుపోతుంది. కెమెరా దూరంగా, మైకు దగ్గరగా ఉండాలంటే జాక్ ఉండి తీరాలి. స్థాయిని చేత్తో సరిచేసే వీలుండాలి. పడుతున్నది అక్కడికక్కడే వినడానికి హెడ్‌ఫోను జాక్ కూడా ఉండాలి. ఈ మూడూ లేనివాటిని అక్కడితో పక్కన పెట్టాను.

కొన్ని వేరే దారులు కూడా చూశాను. చిన్న కెమెరా కొని, శబ్దానికి విడిగా రికార్డరు పెట్టి, మొదట్లో చప్పట్లు కొట్టి ఆ చప్పుడు ఆధారంగా రెండింటినీ కంప్యూటర్లో కలపవచ్చు. సినిమావాళ్ల పద్ధతి అదే. రోజూ వంటింట్లో చేయగలిగిన పని కాదు. మిర్రర్‌లెస్ కెమెరాలు చాలా వాటిలో వీడియో 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోయేది. అరగంట దాటి తీసే వాటిని యూరప్ సుంకాల లెక్కలో వీడియో కెమెరాలుగా చూసేవారు, అందుకే తయారీదారులు ఆ హద్దు పెట్టారు. కొత్తవాటిలో చాలావాటికి ఆ హద్దు తీసేశారు కానీ, లెన్సులు, వాటి బరువు, ధర వేరే లెక్క. అరచేతిలో ఇమిడే డీజేఐ ఆస్మో పాకెట్ 3 కూడా చూశాను. దానిలో ఒక అంగుళం సెన్సర్ ఉంది, నడుస్తూ తీసినా బొమ్మ కుదురుగా ఉంటుంది, బరువు 179 గ్రాములే. విహారయాత్రలు తీసేవాళ్లకు నేను అదే చెబుతాను. లెన్సు జూమ్ లేదు, అయిపోయిన బ్యాటరీ తీసి వేరేది వేసుకునే వీలు లేదు. గంటలకొద్దీ ఒకచోట నిలబెట్టే నా అవసరానికి అది సరిపడలేదు.

డాలస్‌లో ఉండే తమ్ముడు ఫోను చేసి, "అక్కా, ఇక్కడ చవక, సంక్రాంతికి వస్తూ నేనే తెస్తాను" అన్నాడు. ప్రేమతో అన్న మాట. అయినా వద్దన్నాను. కారణం ధర కాదు, మన కరెంటు. మనకు సెకనుకు 50 ఆవృత్తులు, అమెరికాలో 60. మన ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతూ ఉంటుంది, కంటికి తెలియదు. అమెరికాలో అమ్మే హ్యాండీక్యామ్‌లు సాధారణంగా సెకనుకు 60 లేదా 30 ఫ్రేముల (విడి బొమ్మల) లెక్కతోనే తీస్తాయి. చాలావాటిలో దాన్ని 50కి మార్చుకునే వీలు ఉండదు. ఆ లెక్కతో మన దీపాల కింద తీస్తే ఒక్కో ఫ్రేములో ఒక్కో పాలు వెలుతురు పడి బొమ్మంతా మిణుకుమిణుకుమంటుంది. షట్టరును, అంటే ఒక్కో ఫ్రేము వెలుతురు పట్టే సమయాన్ని, 1/100 సెకను దగ్గర కట్టేస్తే తగ్గుతుంది కానీ, అది ప్రతిసారీ గుర్తుపెట్టుకోవాలి. భారత్‌లో అమ్మేవి 25, 50 ఫ్రేముల లెక్కతో వస్తాయి, ఆ బెడద ఉండదు. విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి తప్పకుండా అడిగి తెలుసుకోవాలి.

చివరికి నా మనసు సోనీ ఏఎక్స్53 మీద నిలిచింది. 2016లో వచ్చిన నమూనా. మైకు జాక్, హెడ్‌ఫోను జాక్ రెండూ ఉన్నాయి. శబ్దం స్థాయిని చేత్తో సరిచేయవచ్చు. సెన్సర్ వైశాల్యం చిన్న హ్యాండీక్యామ్‌ల దానికి దాదాపు ఐదు రెట్లు, అంటే రాత్రి హాల్లో దీపం కింద ముఖాల మీద ఇసుక చల్లినట్టుండే రవ్వ బాగా తగ్గుతుంది. లెన్సు, సెన్సర్ కలిసి ఒకే ముక్కగా లోపల కదిలి చేతి వణుకును సరిచేస్తాయి. జూమ్ 20 రెట్లు. కాగితం మీద 50 కన్నా తక్కువే కానీ, సిరిపురంలోని చిల్డ్రన్స్ ఎరీనాలో వెనక వరస నుంచి పాప నాట్యం తీయడానికి అది సరిపోయింది. బరువు బ్యాటరీతో 635 గ్రాములు. అమ్మ ఒక చేత్తో పట్టుకోలేదు. ఆ మేరకు రాజీ పడ్డాను, ఎందుకంటే ఇది ఎక్కువసేపు స్టాండు మీదే ఉంటుంది. కొత్తదాని ధర అప్పట్లో చిన్నవాటికి మూడింతల పైమాటే. అందుకని వాడినదే వెతికాను.

గాజువాకలో పెళ్లిళ్లకు వీడియో తీసే కుర్రాడు ఒకడు మిర్రర్‌లెస్‌కు మారి, దీన్ని అమ్మకానికి పెట్టాడు. వాడిన కెమెరా కొనేటప్పుడు ఏం చూడాలో అతనే ఓపికగా చూపించాడు. అమ్మేవాడే చూపించడం నాకు నచ్చింది. మొదటిది లెన్సు. గదిలో దీపాలు ఆర్పి, ఫోను టార్చి వెలిగించి, లెన్సులోకి ఏటవాలుగా వేసి చూడాలి. నాలుగు ధూళి కణాలు ఉంటే పరవాలేదు. అద్దం అంచు నుంచి లోపలికి సన్నని తెల్లని పోగులు కొమ్మలు వేసుకుంటూ పాకి ఉంటే అది బూజు. "సముద్రం ఊళ్లో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే మేడమ్. పైకి కొత్తలా మెరుస్తుంటుంది, లోపల పట్టేసి ఉంటుంది" అన్నాడు. పోలికకు బూజు పట్టిన తన పాత లెన్సు ఒకటి తీసి అదే టార్చి కింద పెట్టాడు. మామూలు వెలుతురులో ఎంత చూసినా కనబడనిది, ఏటవాలు వెలుగు పడగానే అద్దం నిండా కనిపించింది. అది పట్టిన కెమెరాతో తీస్తే దీపాల చుట్టూ పొగ కమ్మినట్టు వస్తుంది.

తరువాత లెన్సు మూసి చీకట్లో కాసేపు రికార్డు చేసి, తెల్లని, ఎర్రని చుక్కలు నిలిచిపోయి ఉన్నాయేమో చూశాం. తెరను తెరిచి, మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ బొమ్మ తెగిపోతుందేమో చూశాం. తెర బిజాగరీలో సాగే సన్నని రిబ్బను తీగ వాడకంలో ముందుగా దెబ్బతింటుంది. జూమ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నడిపి, లోపల గరగర ఉందేమో విన్నాం. బ్యాటరీ ఉబ్బిందేమో బల్ల మీద పెట్టి చూశాం. అన్నిటికంటే ఎక్కువసేపు నేను మైకు జాక్ దగ్గర కూర్చున్నాను. నా మైకు తగిలించి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పిన్నును వేలితో మెల్లగా కదుపుతూ విన్నాను. పెళ్లిళ్లలో రోజూ పీకి పెట్టే జాక్ వదులైపోతే టపటపమని తెగుతుంది. ఏ చప్పుడూ రాలేదు. నేను తీసుకెళ్లిన కార్డులో పది నిమిషాలు తీసి, నా ల్యాప్‌టాప్‌లో మొదటి నుంచి చివరిదాకా ఆడించి చూసి, డబ్బిచ్చి తెచ్చుకున్నాను. అదనపు బ్యాటరీ ఒకటి అతనే ఇచ్చాడు.

ఇక మైకు. చొక్కాకు తగిలించే చిన్న కాలర్ మైకు మాట దగ్గరుంటుందని మొదట అదే వాడాను. అమ్మ కట్టేది గంజి పెట్టిన నూలు చీరలు. పైట అంచున మైకు పెడితే ఊపిరి తీసిన ప్రతిసారీ సరసరమని రాపిడి వినబడింది. మెడలోని పూసల గొలుసు తగిలితే టక్కుమనేది. పైగా మైకు ఒంటి మీద ఉందన్న స్పృహతో అమ్మ మాట మారిపోయింది, రేడియోలో మాట్లాడుతున్నట్టు పదాలు ఏరుకోసాగింది. ఇప్పుడు అదే మైకును పొడుగు తీగతో తీసుకెళ్లి, అమ్మ కూర్చునే చోట బల్ల మీద, మడతపెట్టిన తువ్వాలు పైన పెడుతున్నాను. తువ్వాలు లేకపోతే గ్లాసు పెట్టిన చప్పుడు బల్ల గుండా మైకులోకి వెళ్లి పిడుగులా పడుతుంది. ఫ్యాను గాలి నేరుగా తగలకుండా నురుగు తొడుగు తప్పనిసరి. వంటింట్లో అయితే అమ్మకు, కెమెరాకు మధ్యగా ఉండే మసాలా డబ్బాల అరే మైకు చోటు. స్థాయిని పోపు చప్పుడుకు పగలనంతగా తగ్గించి అక్కడే వదిలేస్తాను. గొంతు కాస్త సన్నగా పడినా కంప్యూటర్లో పెంచుకోవచ్చు. పగిలిన శబ్దాన్ని మాత్రం ఎవరూ అతికించలేరు.

ఈ కెమెరాలో 4కె (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలతో తీసే పద్ధతి) ఉంది. ఇంటి రోజులకు నేను వాడను. 4కెలో సెకనుకు 100 మెగాబిట్ల నాణ్యతతో తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. ఫుల్ హెచ్‌డీలో 50 ఫ్రేములతో, ఏవీసీహెచ్‌డీ అనే రికార్డింగు పద్ధతిలో 28 మెగాబిట్ల దగ్గర తీస్తే గంటకు 13 జీబీ లోపే. 64 జీబీ కార్డులో దాదాపు ఐదు గంటలు పడుతుంది. కార్డు ఎక్కడ నిండిపోతుందోనన్న బెంగ ఉంటే నేను మాట మధ్యలో ఆపడం మొదలుపెడతాను. బెంగ లేకపోతే నడవనిస్తాను. నాకు కావలసింది ఆ నడవనివ్వడమే. నాట్యాలకు, బయటి ప్రయాణాలకు మాత్రం 4కె పెడతాను.

మెనూలో కెమెరా వెనకున్నవాళ్ల గొంతును తగ్గించే సదుపాయం ఒకటి ఉంది. అమ్మినతను దాన్ని ఆన్ చేసుకోమన్నాడు. నేను చేయలేదు. అమ్మ దేనికి జవాబు చెబుతోందో తెలియాలంటే అడిగినవాళ్ల గొంతు కూడా ఉండాలి. నాన్న టేపుల్లో "ఇటు చూడు, చెప్పు, తరువాతేమైంది" అనే ఆయన మాటలు లేకపోతే వాటి విలువ సగానికి పడిపోయేది.

మొదట్లో పిల్లలు కెమెరా ముందుకొచ్చి గంతులేశారు, అమ్మ జుట్టు సర్దుకుంది. కొన్నాళ్లకు అది కూడా ఇంట్లో ఒక సామాను అయిపోయింది. ఎవరైనా ఇంటికి వస్తే కెమెరా నడుస్తోందని ముందే చెబుతాను, వద్దంటే ఆపేస్తాను. ఈ నెలల్లో పడినవి చూస్తే నాకే ఆశ్చర్యంగా ఉంది. మార్గశిర గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లొచ్చి, చిన్నప్పుడు తన తల్లితో వెళ్లినప్పటి సంగతులు అమ్మ తనంతట తాను ఎత్తుకుంది. పాప గుణింతం చదువుతూ తప్పినచోటల్లా అమ్మ పక్క గదిలోంచి సరిదిద్దడం పడింది. అన్నం దగ్గర మావారికి, అబ్బాయికి క్రికెట్ మీద జరిగిన పెద్ద వాదన మొదటి నుంచి చివరి ముద్ద దాకా పడింది. ఫోనుతో అయితే వీటిలో ఏదీ తీయాలని ఎవరికీ తోచేది కాదు.

మా ఇంటి కిటికీ ఊచలు ఏటేటా రంగు వేసినా తుప్పు పడతాయి, సముద్రం అంత దగ్గర. కాబట్టి కెమెరాను సంచిలో ఉంచను. తోలు, గుడ్డ తేమను పట్టి ఉంచుతాయి, బూజుకు అదే అదను. మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడతాను. గింజల రంగు మారగానే కొత్తవి వేస్తాను. పదిహేను రూపాయల పొట్లానికి లోభించకూడదు. లోపల తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిదని చెబుతారు. చిన్న తేమమాపకం ఒకటి డబ్బాలోనే వేశాను. వానాకాలంలో రోజూ చూస్తాను. బీచ్ నుంచి రాగానే కెమెరా ఒంటిని చాలా కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో, ఆ వెంటనే పొడి గుడ్డతో తుడుస్తాను. ఉప్పు తుంపరను అలాగే వదిలేస్తే మీటల సందుల్లో చేరిపోతుంది. లెన్సు మీద మాత్రం ముందు గాలి ఊది, తరువాతే గుడ్డ. ఇసుక రేణువు ఉండగా తుడిస్తే గీత పడి తీరుతుంది.

నెలకోసారి కార్డులోవన్నీ రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కిస్తాను. రెండింటిలోనూ సరిగా తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే కార్డు ఖాళీ చేస్తాను. ఒక డిస్కు మా ఇంట్లో, రెండోది సీతమ్మధారలో మా ఆడపడుచు ఇంట్లో. తుపాను వస్తే రెండిళ్లకూ ఒకేలా నష్టం జరగకపోవచ్చని ఆ ఏర్పాటు. సంక్రాంతికి వచ్చిన తమ్ముడు మూడో నకలు తీసుకుని వెళ్లాడు. ఫైళ్లకు తేదీయే పేరు. తేదీ ఒక్కటే ఉంటే ఏ గంటలో ఏముందో ఎవరికీ తెలియదు కనుక, పక్కనే ఒక రూళ్ల పుస్తకం పెట్టాం. తేదీ, ఎవరు మాట్లాడారు, ఏ సంగతి, ఎన్నో నిమిషంలో. పుస్తకం బాధ్యత మా అబ్బాయిది. పనసపొట్టు కూర దగ్గర ఆవ ఎప్పుడు కలపాలో అమ్మ మళ్లీ చెప్పిన రోజు, ఆ నిమిషం అంకె కింద వాడు రెండు గీతలు గీశాడు.